ఒక పెట్టె, పధ్నాలుగు మంది

ఈ పోస్టు కాస్త పొడుగు. చాయ్ పెట్టుకుని కూర్చోండి.

పోయిన నెల ఒక శనివారం మంచు పడుతుందన్నారు. రూట్ 46 మీద ఉప్పు చల్లే బండ్లు మధ్యాహ్నం నుంచే తిరుగుతున్నాయి. ఎక్కడికీ వెళ్ళేది లేదు కదా అని మా పార్సిప్పనీ పాత బ్యాచ్ నాలుగు కుటుంబాలం లేక్ హయవాతాలో ఒకరింట్లో చేరాం. పులిహోర ఒకరు, గుత్తివంకాయ ఒకరు, పెరుగన్నం ఒకరు. పిల్లలు బేస్‌మెంట్‌లో ఆటల్లో ఉన్నారు. భోజనాలయ్యాక గొడవ మొదలైంది. రాజకీయాల మీద కాదు, హీరోల మీద కూడా కాదు. ప్రపంచంలో ఇప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన గేమ్ కన్సోల్ ఏది అని.

మా ఏలూరాయన "ప్లేస్టేషన్ 2. దాన్ని కొట్టేది ఇంకా పుట్టలేదు" అన్నాడు. వాళ్ళబ్బాయికి పధ్నాలుగేళ్ళు, ఇక్కడే పుట్టాడు. వాడు పైకొచ్చి "డాడీ, స్విచ్" అన్నాడు. ఇక ఫోన్లు బయటికొచ్చాయి. ఒకడు నింటెండో లెక్కలు, ఒకడు సోనీ లెక్కలు చదువుతున్నాడు. అరగంట అరుచుకున్నాక వాడు నెమ్మదిగా అడిగాడు: "అంకుల్, మీరంతా పీఎస్2 పీఎస్2 అంటున్నారు. మీరు ఎన్ని కొన్నారు?"

ఒకటి. అది కూడా సెకండ్ హ్యాండ్.

"ఎంతమంది ఆడేవాళ్ళు?"

వేళ్ళు ముడిచి లెక్కపెట్టాం. గెస్ట్ హౌస్‌లో వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు కలిపి పధ్నాలుగు మంది.

"అయితే మీరు ఆ లెక్కలో లేరు" అన్నాడు వాడు. అని కిందకి వెళ్ళిపోయాడు.

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. అందుకే ఈ చరిత్ర రాస్తున్నాం. అమ్మకాల అంకెలు మేం తయారు చేసినవి కావు, కంపెనీలు బయటపెట్టినవే. వాటిని ఎలా చదవాలన్నదే మా గొడవ.

ముందు "జనరేషన్" అంటే ఏమిటో చూద్దాం. టీవీకి తగిలించే ఆట పెట్టెలు ఒక్కొక్కటిగా రావు, గుంపుగా వస్తాయి. ఒక కంపెనీ కొత్తది తెస్తే రెండేళ్ళలో మిగతావాళ్ళూ తెస్తారు. ఆ గుంపునే ఒక జనరేషన్ అంటారు. అమెరికాలో విడుదలైన సంవత్సరాలు చూడండి: మొదటి ప్లేస్టేషన్ 1995, రెండోది 2000, మూడోది 2006, నాలుగోది 2013, ఐదోది 2020. అయిదేళ్ళు, ఆరేళ్ళు, ఏడేళ్ళు, ఏడేళ్ళు. మన హెచ్1బీ మూడేళ్ళు ప్లస్ మూడేళ్ళు, మొత్తం ఆరు. అందుకే మనోళ్ళు "నేనొచ్చినప్పుడు పీఎస్3 నడుస్తోంది" అంటే ఎప్పుడొచ్చాడో, ఎన్నో ఎక్స్‌టెన్షన్‌లో ఉన్నాడో అర్థమైపోతుంది.

ఇళ్ళల్లో ఆడే ఈ పెట్టెలు 1972లో మ్యాగ్నవాక్స్ ఒడిస్సీతో మొదలయ్యాయి. అందరికీ తెలిసేలా చేసింది మాత్రం 1977లో వచ్చిన అటారీ 2600. దాదాపు 3 కోట్లు అమ్ముడైంది. తర్వాత మార్కెట్‌లోకి చెత్త ఆటలు వరదలా వచ్చిపడ్డాయి. దుకాణాలవాళ్ళు సరుకు అమ్ముకోలేక చేతులెత్తేశారు. 1983లో అమెరికాలో సుమారు 320 కోట్ల డాలర్లున్న వ్యాపారం 1985కి సుమారు 10 కోట్లకి పడిపోయింది. అటారీ అమ్ముడుపోని క్యాసెట్లను న్యూమెక్సికోలోని అలమగోర్డో దగ్గర గుంత తీసి పాతిపెట్టింది. 2014లో మళ్ళీ తవ్వితే బయటపడ్డాయి కూడా.

ఇక్కడే మన న్యూజెర్సీ కథలోకి వస్తుంది. మాకూ ఈ మధ్యే తెలిసింది.

జపాన్‌లో నింటెండో 1983లో ఫామికామ్ అనే పెట్టె తెచ్చింది. దాన్ని అమెరికాలో అమ్మాలి. వీడియో గేమ్ అన్న మాట వింటేనే దుకాణాలవాళ్ళు తలుపులు వేసుకునే రోజులు. నింటెండో అమెరికా ఆఫీసు అటు సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో ఉంది. దాని పెద్ద మినోరు అరకావా, నింటెండో అధ్యక్షుడు హిరోషి యమౌచికి స్వయానా అల్లుడు. 1985లో ఆయన మనుషుల్ని వెంటబెట్టుకుని దేశం ఈ చివరికి వచ్చి, హ్యాకెన్‌సాక్‌లో ఒక గోడౌన్ తీసుకున్నాడు. అవును, మన హ్యాకెన్‌సాక్. పార్సిప్పనీలో ఐ-80 ఎక్కి తూర్పుకి వెళితే వచ్చే ఊరు. అక్కడి నుంచి న్యూయార్క్ చుట్టుపక్కల దుకాణాలకి సరుకు మోశారు. "మీరు పైసా పెట్టొద్దు. మేమే తెచ్చి సర్దుతాం. అమ్ముడైన వాటికే డబ్బివ్వండి, మిగిలింది వెనక్కి తీసుకుంటాం" అని బతిమాలారు. వీడియో గేమ్ అనకుండా "ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్" అని పేరు పెట్టారు. బొమ్మల దుకాణాల్లో చోటు దొరకాలని ఒక ప్లాస్టిక్ రోబోని కూడా జత చేశారు.

సొంతూరు వదిలి, ప్రాజెక్ట్ కోసం దేశం ఇంకో చివర జెర్సీలో దిగి, క్రిస్మస్ దాకా పెట్టెలు మోసిన ఆ జనాన్ని తలుచుకుంటే మనకి బాగా తెలిసినవాళ్ళలాగే ఉంటారు. వాళ్ళ కష్టం ఫలించింది. ఆ పెట్టె మొత్తం మీద 6.19 కోట్లు అమ్ముడైంది. చచ్చిందనుకున్న వ్యాపారం మళ్ళీ లేచింది.

ఇప్పుడు ఆ 6.19 కోట్లనే కాస్త విడదీసి చూడండి. నింటెండో లెక్క ప్రకారం ఉత్తర, దక్షిణ అమెరికాల్లో 3.4 కోట్లు. జపాన్‌లో 1.93 కోట్లు. మిగతా ప్రపంచం, అంటే యూరప్, ఆఫ్రికా, మన దేశం, అందరం కలిపి 85.6 లక్షలు.

మీలో 1980ల్లో పుట్టినవాళ్ళు చెప్పండి. ఆ 85.6 లక్షల్లో మీరున్నారా?

మేం లేం. మేం ఆడలేదా మరి? ఆడాం! వేసవి సెలవులంతా అదే పని. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో కొన్నదో, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో బేరమాడి తెచ్చిందో, దుబాయ్ మామయ్య తెచ్చిందో, ఏదో ఒక పెట్టె. దాని మీద సమురాయ్ అనో, మీడియా అనో, ఇంకేదో పేరు. నింటెండో అన్న పేరు ఎక్కడా ఉండేది కాదు. లోపల ఉన్నది మాత్రం ఆ ఫామికామ్‌కి నకలే. తైవాన్, చైనాల్లో తయారై ప్రపంచమంతా పాకిన నకళ్ళు. రష్యాలో 1992 చివర్లో డెండీ అన్న పేరుతో దిగితే అక్కడి పిల్లలంతా దాన్నే అసలుదనుకుని పెరిగారు. మనమూ అంతే. పెట్టె కొనలేని ఊళ్ళలో పార్లర్లుండేవి, గంటకింత అని. క్యాసెట్ తీసి, నోటితో ఊది, మళ్ళీ పెడితే మారియో లేచేవాడు. కాంట్రాలో ముప్ఫై ప్రాణాల కోసం "పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి" అని ఎక్కాల్లాగా అప్పజెప్పేవాళ్ళం. "9999 ఇన్ 1" అని రాసున్న క్యాసెట్‌లో తిప్పితిప్పి చూస్తే ఉన్నవి పదో పదిహేనో ఆటలు. అది మన మొదటి మోసపోవడం.

అసలు సరుకు మన దేశానికి రాలేదా అంటే వచ్చింది. 1995లో సెగా కంపెనీ షా వాలెస్‌తో ఒప్పందం చేసుకుని మెగా డ్రైవ్‌ని మన దేశంలో అమ్మింది. దిగుమతి సుంకం 80 శాతం ఉండేది, దాన్ని తప్పించుకోవడానికే ఆ ఏర్పాటు. అంతా చేసి ధర ఎంతో తెలుసా? 18,000 రూపాయలు. 1995లో! మా నాన్నల్లో ఎవరికీ నెల జీతం అందులో సగం కూడా లేదు. ప్రపంచం మొత్తం మీద మెగా డ్రైవ్ సుమారు 3 కోట్లు అమ్ముడైందంటారు. దాని పోటీదారు, నింటెండో తర్వాతి పెట్టె సూపర్ నింటెండో 4.91 కోట్లు. ఆ జనరేషన్ పట్టికలో మన ఊళ్ళు దాదాపు ఖాళీ. మనం ఇంకా ముందు జనరేషన్ నకళ్ళ మీదే ఉన్నాం. వాళ్ళ మూడో తరం మనకి రెండు తరాల పాటు నడిచింది.

అందుకని మా మొదటి మాట ఇది: అమ్మకాల పట్టిక చెప్పేది కంపెనీ ఎన్ని పెట్టెలకి డబ్బు తీసుకుందని. ఎంతమంది ఆడారని కాదు. రెండూ ఒకటే అనుకుంటే అమెరికా, జపాన్ పిల్లలు తప్ప ప్రపంచంలో ఎవరూ ఆడలేదని నమ్మాల్సి వస్తుంది.

తర్వాత సోనీ వచ్చింది. 1995 మే నెలలో లాస్ ఏంజెలెస్‌లో గేమ్స్ ఎగ్జిబిషన్. సెగా ముందు మాట్లాడి, తన సాటర్న్ ఇవాళ్టి నుంచే అమ్మకం, 399 డాలర్లు అంది. సోనీ మనిషి వేదిక ఎక్కి "299" అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయాడు. అంతే, సగం యుద్ధం అక్కడే అయిపోయింది. మిగతా సగం డిస్కులతో గెలిచారు. నింటెండో 64 ఇంకా క్యాసెట్లనే పట్టుకుని వేలాడింది. క్యాసెట్ తయారీ ఖరీదు, అందులో పట్టేదీ తక్కువ. సీడీ చవక, చోటెక్కువ. చివరికి మొదటి ప్లేస్టేషన్ 10.25 కోట్లు, నింటెండో 64 3.29 కోట్లు, సాటర్న్ 93 లక్షలు. మన వైపు అయితే సీడీ అంటే ఇంకో అర్థం కూడా ఉంది: కాపీ కొట్టొచ్చు. పెట్టెకి "చిప్ వేయించి" కాపీ సీడీల మీద ఆడినవాళ్ళు ఈ పోస్టు చదివేవాళ్ళలో ఎంతమందో మాకు తెలుసు. సిగ్గుపడకండి, మేమూ ఉన్నాం.

ఇక మన పీఎస్2. 2000 అక్టోబరు 26న అమెరికాలో 299 డాలర్లకి వచ్చింది. దాంట్లో డీవీడీ సినిమాలు కూడా చూడొచ్చు. డీవీడీ ప్లేయర్ కొందామనుకున్న ఇంట్లో పిల్లవాడు "నాన్నా, ఇది కొంటే రెండూ వస్తాయి" అంటే ఏ నాన్న కాదంటాడు? ఆ జనరేషన్‌లో మిగతావి: మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్ 2.4 కోట్లు, నింటెండో గేమ్‌క్యూబ్ 2.17 కోట్లు, సెగా డ్రీమ్‌కాస్ట్ 91 లక్షలు. డ్రీమ్‌కాస్ట్‌తో సెగా పెట్టెల వ్యాపారమే మానేసింది. పీఎస్2 ఒక్కటే 15.5 కోట్లని 2012లో లెక్క చెప్పారు. ఇప్పుడు సోనీ 16 కోట్లంటోంది. నాలుగు పెట్టెలూ కలిపి లెక్కేస్తే నాలుగింట మూడొంతులు దానిదే.

మా కథ ఇక్కడ మొదలవుతుంది. 2006 చలికాలం. పీఎస్3 కొత్తగా వచ్చింది, 499 ఒకటి, 599 ఒకటి. నింటెండో వీ 250. ఇక్కడివాళ్ళు కొత్తది కొనడానికి పాత పీఎస్2లు అమ్మేసుకుంటున్నారు. మేం కన్సల్టెన్సీ గెస్ట్ హౌస్‌లో ఆరుగురం, రెండు బెడ్రూములు, నేల మీద పరుపులు. ముగ్గురికే ప్రాజెక్ట్ ఉంది, ముగ్గురు బెంచ్. పాత ఆటల దుకాణంలో ఒక లావు మోడల్ పీఎస్2, రెండు కంట్రోలర్లు, ఒక మెమరీ కార్డ్ కలిపి అరవై డాలర్లకి దొరికింది. మనిషికి పది. బెంచ్ మీద ఉన్నవాళ్ళ ముప్ఫై కూడా జీతమొచ్చేవాళ్ళే పెట్టారు, "ప్రాజెక్ట్ వచ్చాక ఇద్దువులే" అని. కొందరిచ్చారు, కొందరివ్వలేదు. ఎవరూ అడగలేదు.

గమనించండి, ఈ అరవై డాలర్ల అమ్మకం ఏ పట్టికలోనూ లేదు. ఆ పెట్టె మొదటిసారి ఏ అమెరికన్ కుర్రాడికో అమ్ముడైనప్పుడే లెక్కలో పడిపోయింది. మాకు చేరేసరికి సోనీ దృష్టిలో అది అయిపోయిన కథ.

టెక్కెన్ 5లో ఓడినవాడు కంట్రోలర్ ఇచ్చేసి అంట్లు తోమాలి. అదీ గెస్ట్ హౌస్ రూలు. గ్రాన్ టురిస్మో 4లో తలా ఒక కారు. మెమరీ కార్డ్‌లో ఉండేది ఎనిమిది మెగాబైట్లు. అందులో అందరి ఆటలూ సర్దుకోవాలి, ఒక ఫ్రిజ్‌లో ఆరుగురి గిన్నెలు సర్దుకున్నట్టే. ప్రాజెక్ట్ వచ్చి టెక్సాస్‌కో ఒహాయోకో ఒకడు వెళ్ళిపోతే ఇంకొకడు సూట్‌కేసుతో దిగేవాడు. నాలుగేళ్ళలో అలా పధ్నాలుగు మంది.

పీఎస్2 అంత పెద్ద అంకె ఎలా చేరిందంటే, పేదవాళ్ళని వదలకుండా నడిచింది కాబట్టి. 2002లో ధర 199కి దిగింది. 2009 ఏప్రిల్‌లో 99. చిప్పులు చిన్నవయ్యేకొద్దీ తయారీ ఖర్చు తగ్గేది, ధర తగ్గేది, అంతకుముందు కొనలేనివాళ్ళు అప్పుడు కొనేవాళ్ళు. 2013 మొదట్లో గానీ తయారీ ఆపలేదు. పుట్టిన పన్నెండేళ్ళకి పైగా, తన తమ్ముడు పీఎస్3 వచ్చిన ఆరేళ్ళకి కూడా అమ్ముడవుతూనే ఉంది. మన దేశంలాంటి చోట్ల దాని అసలు కాలం ఇక్కడ ముగిశాకే మొదలైంది.

దానికి సాక్ష్యం మన హైదరాబాదే. 2009 మార్చిలో "హనుమాన్: బాయ్ వారియర్" అని పీఎస్2 ఆట ఒకటి వచ్చింది. తయారు చేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్, విడుదల చేసింది సోనీ. కన్సోల్ కోసం మొత్తం మన దేశంలోనే తయారైన మొదటి ఆట అదేనని చెప్తారు. అమెరికాలో పీఎస్3 మూడో ఏడు నడుస్తుంటే, మన తెలుగు నేల మీద పీఎస్2కి ఆట తయారవుతోంది. అమెరికా నుంచే ఒక హిందూ సంఘం నాయకుడు, దేవుణ్ణి జాయ్‌స్టిక్‌తో ఆడించడమేమిటని అభ్యంతరం చెప్పాడు. అది వేరే గొడవ.

మాలో నిజామాబాద్ అన్న ఆ ఏడు ఇండియా వెళ్ళొస్తూ ఆ డిస్క్ తెచ్చాడు. ఎంత సంబరమో! మనోళ్ళు చేసిన ఆట, పార్సిప్పనీలో ఆడబోతున్నాం. డిస్క్ పెట్టాం. ఆడలేదు. తుడిచి పెట్టాం. ఆడలేదు. తర్వాత తెలిసింది, పీఎస్2 ఆటలకి ప్రాంతాల తాళం ఉంటుందని. మన దేశానిది యూరప్ గుంపు, అమెరికాది వేరే. ఒక చోట కొన్న డిస్క్ ఇంకో చోటి పెట్టెలో నడవదు. "దీనికి వీసా లేదురా" అన్నాడు ఏలూరాయన. పడీపడీ నవ్వాం.

ఆ నవ్వులో ఖమ్మం తమ్ముడు లేడు. ఆ జనవరిలోనే వెళ్ళిపోయాడు.

2008 సెప్టెంబరులో లీమన్ మునిగింది. క్రిస్మస్ కల్లా వాడి ప్రాజెక్ట్ పోయింది. కన్సల్టెన్సీ ఫోనెత్తడం మానేసింది. ఇప్పుడు ఉద్యోగం పోతే 60 రోజుల గడువుందని మనం చెప్పుకుంటాం కదా, అది 2017 జనవరిలో వచ్చింది. అప్పుడది కూడా లేదు. ఊళ్ళో చెల్లి పెళ్ళికి చేసిన అప్పు ఉంది. టికెట్ డబ్బు అందరం వేసుకున్నాం. చివరి రాత్రి వాడు నిద్రపోలేదు. తెల్లవార్లూ గ్రాన్ టురిస్మోలో తన నీలం కారు తిప్పుతూనే ఉన్నాడు. మేం లేచేసరికి ఆట సేవ్ చేసి, కంట్రోలర్ వైర్లు నీటుగా చుట్టి టీవీ పక్కన పెట్టున్నాయి. "నా కారు తుడిచెయ్యకండన్నా" అని నూవర్క్ ఎయిర్‌పోర్ట్‌లో అన్నాడు. కార్డ్ నిండినప్పుడల్లా మా ఆటలే తీసేసుకున్నాం గానీ, వాడిది ముట్టుకోలేదు.

పెట్టెల చరిత్రలో ఆ జనరేషన్ హోరాహోరీ అంటారు. నింటెండో వీ 10.16 కోట్లు, పీఎస్3 8.74 కోట్లు, ఎక్స్‌బాక్స్ 360 8.4 కోట్ల పైన. మూడూ కలిపి 27 కోట్లు దాటాయి. అంతకుముందు తరం నాలుగూ కలిసినా 21 కోట్ల చిల్లరే. కానీ ఇక్కడ కూడా జాగ్రత్త. ఎక్స్‌బాక్స్ 360కి ఎర్ర లైట్ల జబ్బు వచ్చి ఎన్నో పెట్టెలు చచ్చాయి. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ వారంటీ మూడేళ్ళకి పెంచి, అందుకు వంద కోట్ల డాలర్ల పైన ఖర్చు రాసుకుంది. వారంటీ కోసం ఆగకుండా ఇంకోటి కొన్నవాళ్ళు పట్టికలో ఇద్దరు. ఇక మా గెస్ట్ హౌస్‌లో ఈ మూడిట్లో ఒక్కటీ లేదు. ఆ 27 కోట్లలో మేం సున్నా.

2010 తర్వాత ఒక్కొక్కరం కుటుంబాలతో అపార్ట్‌మెంట్లకి మారాం. పిల్లలు పుట్టారు. 2013లో పీఎస్4 వచ్చింది 399కి, మొత్తం 11.72 కోట్లు అమ్ముడైంది. ఆ పట్టికలో మొదటిసారి మేం కనిపిస్తాం. నలుగురం కొన్నాం, కొత్తవి, సీల్ ఉన్నవి. బిల్లు చూసుకుని మురిసిపోయాం. అదే తరంలో నింటెండో వీ యూ 1.36 కోట్లకే చతికిలబడింది. 2017 మార్చి 3న అదే నింటెండో స్విచ్‌తో లేచింది. టీవీకి పెట్టుకోవచ్చు, చేత్తో పట్టుకుపోవచ్చు. దాన్ని ఎనిమిదో తరమనాలా తొమ్మిదో తరమనాలా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు. 2025 మార్చి ఆఖరికి 15.21 కోట్లు. 2019లో చిన్న మోడల్ స్విచ్ లైట్ వచ్చాక, టీవీకి ఒకటి అన్న లెక్క పోయి మనిషికి ఒకటి అయింది. మేం ఆ శనివారం భోజనం చేసిన ఇంట్లో ఇద్దరు పిల్లలు, మూడు స్విచ్‌లు. పట్టికలో ఆ ఇల్లు మూడు. మా గెస్ట్ హౌస్ పధ్నాలుగు మందికి ఒకటి.

ఆ అబ్బాయికీ ఏలూరాయనకీ తీర్పు చెప్పాలంటే ఇదీ: సోనీ చెప్పే 16 కోట్లు నిలబడితే పీఎస్2 ఇంకా పైనే ఉంది. స్విచ్ దగ్గరికొచ్చేసింది. కానీ పన్నెండేళ్ళు ధర తగ్గించుకుంటూ, చేతులు మారుతూ బతికిన పెట్టెనీ, ఒకే ఇంట్లో మూడుండే పెట్టెనీ ఒకే తక్కెడలో తూచితే వచ్చే బరువు దేన్ని చెప్తుంది? పైగా అంకెలన్నీ ఒక్క రకం కావు. కొన్ని ఫ్యాక్టరీ నుంచి బయలుదేరినవి, కొన్ని దుకాణానికి అమ్మినవి, కొన్ని ఇంటికి చేరినవి. నింటెండోవాళ్ళు జేబులో పట్టే డీఎస్‌కి 15.4 కోట్లు చెప్తారు, దాన్ని టీవీ పెట్టెలతో కలపాలా వద్దా అన్నది మళ్ళీ ఒక తగాదా.

తమాషా ఏమిటంటే, మైక్రోసాఫ్ట్ 2015లో పెట్టెల లెక్క బయటికి చెప్పడమే మానేసింది. నెలకి ఎంతమంది ఆడుతున్నారో అదే చూడమంది. వెనకబడ్డారు కాబట్టి అన్నారని అందరూ ఎద్దేవా చేశారు, అది నిజమే కావచ్చు. కానీ మనలాంటివాళ్ళని లెక్కలోకి తెచ్చే కొలత అదే. తలలు లెక్కపెడితే మేం పధ్నాలుగు.

ఇప్పుడు కాలం తిరగబడింది. పీఎస్5 2020 నవంబరులో 499కి వచ్చింది. కరోనా, చిప్పుల కొరత, ఎక్కడ చూసినా స్టాక్ లేదు. 8 కోట్లు దాటింది. అయితే 2025 ఆగస్టులో అమెరికాలో దాని ధర 50 డాలర్లు పెరిగి 549 అయింది. కష్టమైన ఆర్థిక పరిస్థితులని సోనీ చెప్పింది. అయిదో ఏట ధర పెరిగే పెట్టె! 2000 నాటి 299ని ఇవాళ్టి డాలర్లలో చూస్తే అదీ 550 పైమాటే, కాబట్టి మొదటి ధరల్లో పెద్ద తేడా లేదు. తేడా తర్వాత ఉంది. పీఎస్2 తొమ్మిదో ఏట 99కి దిగింది. పీఎస్5 ఎక్కుతోంది. 2025 జూన్‌లో స్విచ్ 2 450కి వచ్చి నాలుగు రోజుల్లో 35 లక్షలు అమ్ముడైంది. అమ్మకాలు బాగానే ఉన్నాయి. కానీ ఇవాళ ఓపీటీ మీద, బెంచ్ మీద ఉన్న ఆరుగురు కుర్రాళ్ళు మనిషికి పదేసి వేసుకుంటే వచ్చే పెట్టె ఏది? ఇంకో విషయం, డిస్క్ లేని మోడల్‌లో ఆటలన్నీ కొన్నవాడి అకౌంట్‌కి కట్టేసి ఉంటాయి. చేతులు మారడానికి డిస్క్ అంటూ ఉండదు. అంకె ఎంత పెద్దదైనా, వెళ్ళిపోయేవాడు ఉండేవాళ్ళకి వదిలివెళ్ళడం కష్టమయ్యే తరం ఇది.

మా పీఎస్2 ఏమైందో చెప్పలేదు కదూ. 2012లో నిజామాబాద్ అన్న పూర్తిగా ఇండియా వెళ్ళిపోతూ సూట్‌కేసులో పట్టుకెళ్ళాడు. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, అక్కడ 230. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకో అని వెయ్యిసార్లు చెప్పాం. ఇంటికెళ్ళిన ఉత్సాహంలో నేరుగా ప్లగ్గులో పెట్టాడు. ఠప్పుమంది. వీధి చివర టీవీ మెకానిక్ విప్పి, లోపల పవర్ బోర్డ్ బాగుచేసి ఇచ్చాడు. తర్వాత వాళ్ళ తమ్ముడి పిల్లలు, పక్కింటి పిల్లలు ఎన్నేళ్ళు ఆడారో. హనుమాన్ డిస్క్ కూడా దాంతోనే వెళ్ళింది. సొంతూరు చేరాక కూడా అందులో ఆడలేదు. పెట్టె అమెరికాది కదా.

ఆ శనివారం రాత్రి ఖమ్మం తమ్ముడికి వీడియో కాల్ చేశాం. వాడికక్కడ ఆదివారం పొద్దున. హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, పొట్ట కూడా వచ్చింది. ఈ గొడవంతా చెప్పాం. కాసేపు నవ్వి అడిగాడు: "అన్నా, నా కారు ఉందా?"

వెంటనే నిజామాబాద్ అన్నని కాల్‌లో కలిపాం. పెట్టె అటక మీద ఉందట. కార్డ్ దాంట్లోనే ఉందట. పండక్కి దింపి చూస్తానన్నాడు.

బేస్‌మెంట్ నుంచి మళ్ళీ పైకొచ్చిన ఏలూరాయన కొడుకు ఇదంతా విని, ఒక కాగితం మీద గీతలు గీశాడు. పెట్టెలు ఎన్ని అని ఒక గడి, ఆడినవాళ్ళు ఎంతమంది అని ఇంకో గడి. ఫ్రిజ్‌కి అంటించాడు. మీ రూమ్‌లో, మీ గెస్ట్ హౌస్‌లో, మీ ఊరి పార్లర్‌లో ఎంతమందో మీరూ గుర్తు తెచ్చుకుని చెప్పండి, రాసుకుంటాం.

మా వరస ఇప్పటికే రాశాం. పెట్టెలు: ఒకటి. ఆడినవాళ్ళు: పధ్నాలుగు. నిజామాబాద్ లెక్క ఇంకా రావాలి.